అమ్మమ్మ పెట్టిన పేరు కరెంటు కుంపటి: ఆరేళ్ళ ఓటీజీ వాడకం

2019 దసరా ఆఫర్లలో కొన్నాం ఈ ఓటీజీని, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ ఒకటిగా ఉండే చిన్న కరెంటు ఓవెన్‌ని. 28 లీటర్లు, 1500 వాట్లు, పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు. లోపల ఫ్యాను లేదు. ఏడు వేలకు కాస్త తక్కువే పడింది. కంపెనీ పేరు చెప్పడం లేదు. ఈ ధరలో దొరికేవి అన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి పేరుతో మీకు పెద్దగా పని లేదు.

మా అమ్మమ్మది కోనసీమ. విజయవాడలో మా ఇంటికి వచ్చినప్పుడు గాజు తలుపులోంచి ఎర్రగా కాలుతున్న రాడ్లను వంగి చూసి, "ఓస్, కరెంటు కుంపటే కదే!" అని తీసిపారేసింది. అప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే నేనూ ఆ మాటే చెప్తున్నాను.

మొదటి ఏడాది వాడకం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంటర్నెట్‌లో చూసి బ్లూబెర్రీలు, క్రీమ్ చీజ్ అంటూ ఎక్కడెక్కడివో తెప్పించాను. నాలుగు కేకులకు పెట్టిన ఖర్చుతో బేకరీలో పది కేకులు వచ్చేవి. తర్వాత కొన్నాళ్ళు అందులో అప్పడాల డబ్బాలు దాచుకున్నాను. లాక్‌డౌన్‌లో మళ్ళీ బయటికి తీశాను. కావలసినవి దొరక్క, రైతు బజారు నుంచి వచ్చిన సంచిలో ఏముంటే దానితోనే చెయ్యాల్సి వచ్చింది. ఓవెన్ పనికొచ్చింది అక్కడి నుంచే.

కొనాలనుకునేవాళ్ళకు ముందు కరెంటు సంగతి. మేము మొదటి వారం టీవీ దగ్గరి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి వాడాం. మూడో రోజు ప్లాస్టిక్ కాలిన వాసన. ప్లగ్గు పీకి చూస్తే ఒక పిన్ను చుట్టూ గోధుమరంగు మచ్చ. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, మామూలు చిన్న ప్లగ్గు పాయింటు తట్టుకోదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, "గీజరుకి పెట్టినట్టు దీనికీ పవర్ ప్లగ్గు పెట్టించాలండీ" అని లావు వైరు లాగి వెళ్ళాడు. బిల్లు గురించి భయపడక్కర్లేదు. వేడెక్కాక రాడ్లు ఆగుతూ, వెలుగుతూ ఉంటాయి కాబట్టి గంట పని చేసినా మా మీటరు మీద ఒక యూనిట్ అటూ ఇటూగా తిరిగింది.

రెండో సంగతి, దీని వేడి నాబ్ అబద్ధాలు చెప్తుంది. 180 డిగ్రీలు పెట్టమంటే పెట్టేదాన్ని. పైన మాడేది, లోపల పిండిగా ఉండేది. ఏడాదిన్నర నా చేతినే తిట్టుకున్నాను. చివరికి ఓవెన్ లోపల పెట్టే చిన్న స్టీలు థర్మామీటర్ ఒకటి కొన్నాను. నాలుగు వందలు కూడా కాలేదు. నాబ్ 180 దగ్గర ఉంటే లోపల 205 చూపించింది! వెనక కుడివైపు మూల ఇంకా వేడి. ఇప్పుడు 180 కావాలంటే నాబ్ 160 దగ్గర పెడతాను, సగం కాలాక ట్రేను అటుది ఇటు తిప్పుతాను. ఓవెన్‌తో పాటు ఆ థర్మామీటర్ కూడా కొనండి. ఇంకేం కొనకపోయినా ఫరవాలేదు.

ఇక మామిడి. బంగినపల్లి గుజ్జు చిక్కగా, పీచు లేకుండా ఉంటుంది, అలాగే పిండిలో కలిపేయొచ్చు. నూజివీడు రసాలతో మాత్రం అలా కుదరదు. రసం పల్చన, పీచు ఎక్కువ. వడకట్టి, సన్నసెగ మీద సగానికి పైగా ఇగరబెట్టాలి. కష్టమే, కానీ వాసనలో రసాల కేకు ముందు బంగినపల్లి కేకు నిలవదు. నా కొలత ఇది: గుజ్జు 200 గ్రాములు, మైదా 180, పంచదార 120, నూనె 80 మిల్లీలీటర్లు, పెరుగు 60 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంట సోడా అర చెంచా, రెండు యాలకులు. గుడ్డు లేదు. 7 అంగుళాల గిన్నెలో నలభై నిమిషాలు. పండు బాగా తియ్యగా ఉంటే పంచదార ఇంకో ఇరవై గ్రాములు తగ్గిస్తాను.

ఒకసారి రంగు చాలదని చిటికెడు పసుపు వేశాను. ఆ రోజు సోడా కూడా చెయ్యి జారి ఎక్కువే పడింది. ట్రే బయటికి తీస్తే కేకు ఇటుకరాయి రంగులో ఉంది. కోసి చూస్తే లోపల ఇంకా ఎరుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. సోడా కూడా సున్నంలాగే క్షారం కదా, అదే పని చేసింది. మా ఆయన పళ్ళెం చేతిలోకి తీసుకుని, "దిష్టి తీసి పారబొయ్యడానికా, తినడానికా?" అన్నాడు. తిన్నాం. రుచికి కాస్త సబ్బు తగిలింది.

ఎండాకాలంలో బన్నుల పిండి కలపడం ఒక పరీక్ష. మేలో మా వంటగదిలో ముప్పై ఆరు, ముప్పై ఏడు డిగ్రీలు ఉంటుంది. గంటన్నరలో రెట్టింపు కావాలని రాసి ఉన్న పిండి నలభై నిమిషాలకే గిన్నె మూత తోసుకుని బయటికి వస్తుంది. ఆగితే పులుపు వాసన. అందుకని మేలో ఫ్రిజ్ నీళ్ళు పోసి, ఈస్ట్ సగమే వేస్తాను. డిసెంబర్‌లో దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆగిపోయి ఉన్న ఓవెన్‌లోనే పిండి గిన్నె, పక్కన ఒక గిన్నెడు వేడినీళ్ళు పెట్టి తలుపు మూస్తే గంటంపావుకి పొంగుతుంది. ఇది ఓవెన్ కాలుస్తున్నప్పుడు కాకుండా ఊరికే ఉన్నప్పుడు చేసే ఉపకారం. చలికాలంలో నేను ఎక్కువగా వాడేది ఇదే.

ఆ డిసెంబర్ బన్నుల్లో పెట్టేది పచ్చి కందికాయల గింజలు. రైతు బజారులో కందికాయలు కనపడ్డాయంటే మా ఇంట్లో రెండు వారాలు అవే. ఒలవడం విసుగు, టీవీ ముందు ముగ్గురం కూర్చుని ఒలుస్తాం. ఉప్పేసి ఉడికించి, ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీరతో వేయించి, తడి పూర్తిగా పోయేదాకా ఆగాలి. తడి ఉంటే బన్ను అడుగు పచ్చిగా ఉండిపోతుంది. 300 గ్రాముల మైదాకు తొమ్మిది బన్నులు వస్తాయి. కాలిన వెంటనే పైన వెన్న రాస్తాను. బేకరీలో కర్రీ బన్ను అని అమ్మేదాంట్లో ఏ కాలమైనా అదే బంగాళదుంప, అదే మసాలా. ఇంట్లో ఓవెన్ ఉన్నందుకు నాకు దక్కిన లాభం ఏమిటని అడిగితే ఈ బన్ను చూపిస్తాను.

ఆషాఢంలో మునగాకు తినాలంటారు కదా, మా పిల్లకు కూరలో వేస్తే ఏరి పక్కన పెడుతుంది. కారం బిస్కెట్లలో వేస్తే మాట్లాడకుండా తింటుంది. ఆకును కడిగి, నీడలో ఆరబెట్టి, చేత్తో నలిపి, వాము, కారం, వెన్నతో గోధుమపిండిలో కలుపుతాను. వానాకాలంలో చిక్కు ఒకటే. డబ్బా మూత కాస్త వదులైతే మర్నాటికి మెత్తబడతాయి. అయినా పారెయ్యక్కర్లేదు, మళ్ళీ అయిదు నిమిషాలు వేడి చేసి చల్లారనిస్తే కరకరలాడతాయి.

అన్నీ కుదిరాయని చెప్తే అబద్ధం. సీతాఫలం కేకు మూడుసార్లు చేశాను, మూడుసార్లూ చేదొచ్చింది. ఆ గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి మా ఆడపడుచు తెచ్చిన, ఇంత బావున్న బాలానగర్ కాయలను అలా పాడు చేసినందుకు ఇప్పటికీ బాధే. ఇప్పుడు మామూలు కేకు కాల్చి, చల్లారాక, గింజలు తీసిన గుజ్జు పచ్చిదే మీగడలో కలిపి పైన పరుస్తున్నాను. ఫ్రిజ్‌లో గంట ఉంచి తింటే బావుంటుంది.

పచ్చడికి వంకాయ కాల్చడం కూడా ఇందులో ప్రయత్నించాను. ఉడుకుతుంది తప్ప కాలిన వాసన రాదు. గ్యాస్ మంట మీదే మేలు. ఎగ్ పఫ్‌లు అయితే ఇంట్లో చెయ్యకండి. మైదా మడతల మధ్య వెన్న గట్టిగా ఉండాలి, మన ఉక్కపోతకు అది నూనెలా కారిపోయి మడతలన్నీ ముద్దవుతాయి. జనవరిలో, తెల్లవారుజామున, ఒక్కసారి కుదిరింది. వీధి చివర ఇరవై రూపాయలకు దొరికేదాని కోసం అంత టెన్షన్ అవసరమా అనిపించింది.

మరమ్మతుల లెక్క కూడా చెప్పాలి. నాలుగో ఏడు కింది రాడ్డు ఒకటి పోయింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే పార్టు రావడానికి మూడు వారాలన్నారు. మిక్సీలు బాగుచేసే అతను నాలుగు వందల యాభైకి వేసి ఇచ్చాడు, ఇప్పటికీ నడుస్తోంది. టైమరు గంట మోగడం మానేసి రెండేళ్ళయింది, ఫోన్‌లో అలారం పెట్టుకుంటున్నాను. దానితో వచ్చిన నల్ల ట్రే వంగిపోయింది, వేడిలో ఉన్నట్టుండి టప్‌మని శబ్దం చేసి భయపెడుతుంది. తలుపు గాజుకు పట్టిన జిడ్డు మీద వంట సోడా ముద్ద రాత్రి రాసి పొద్దున తుడిస్తే వచ్చేస్తుంది. రాడ్లకు మాత్రం నీళ్ళు తగలనివ్వకూడదు. తలుపు బయటి గాజు కూడా బాగా వేడెక్కుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీదా, చేతికందే ఎత్తులోనూ పెట్టొద్దు. ఇంకా చిన్నది, 16 లీటర్లది, కొందామనుకునేవాళ్ళకు ఒక మాట: అందులో రాడ్డుకీ గిన్నెకీ మధ్య ఖాళీ బాగా తక్కువ. మా చెల్లి దగ్గర అదే ఉంది, ఎత్తుగా పొంగే కేకులన్నిటికీ నల్ల టోపీనే.

తాటి రొట్టె సంగతి కావాలనే చివరికి ఉంచాను.

శ్రావణం, భాద్రపదం వచ్చేసరికి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తాటిపండ్లు రాలతాయి. గోనెసంచిలో వేసి బస్సులో పంపిస్తే ఆ బస్సంతా వాసనే. ఆ పండు పై పెచ్చు తీసి, పీచు మధ్య ఉన్న గుజ్జును కొబ్బరి కోరుకునే కోరాం వీపు మీద రుద్ది తియ్యాలి. చేతులు నారింజరంగు అవుతాయి, రెండు రోజులు వదలదు. కలిపేముందు ప్రతి పండు గుజ్జూ నాలుక మీద వేసి చూసుకోవాలి. చేదు పండు ఒక్కటి కలిసినా మొత్తం పోతుంది. టెంకలు పారెయ్యకూడదు, అమ్మమ్మ లెక్కపెట్టి వెనక్కి తీసుకెళ్తుంది. వాటిని పాతిపెడితే సంక్రాంతి నాటికి తేగలు.

ఊళ్ళో ఈ రొట్టె చేసే పద్ధతి ఓవెన్ పద్ధతే. దళసరి గిన్నెలో అరిటాకు పరిచి, పిండి పోసి, కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోస్తారు. పైనా సెగ, కిందా సెగ. మా ఫ్లాటులో నిప్పులు చెయ్యలేం కాబట్టి 2022లో ఓవెన్‌లో మొదలుపెట్టాను. రెండు గ్లాసుల గుజ్జుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, ఒక గ్లాసు బెల్లం తురుము, అర గ్లాసు కొబ్బరి, చిటికెడు ఉప్పు. రవ్వ నానడానికి రెండు గంటలు. గిన్నె నిండా నెయ్యి రాసి, అరిటాకు వేసి, పైన ఫాయిల్ మూసి, నాబ్ 150 దగ్గర గంటంపావు. చివరి పావుగంట ఫాయిల్ తీసేసి పై రాడ్లు మాత్రమే వెలిగిస్తాను.

మొదటి ఏడు లోపల జిగురుగా ఉండిపోయింది. రెండో ఏడు అడుగు మాడింది. పోయిన భాద్రపదంలో అమ్మమ్మ మా దగ్గరే ఉంది. గంట సేపు ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండుసార్లు "మూత తియ్యవే, చూద్దాం" అంది. తలుపు తీస్తే వేడి పోతుందని నేను తియ్యలేదు. దించాక పూర్తిగా చల్లారేదాకా కొయ్యనివ్వలేదు ఆవిడ. ఇక్కడ నాకంటే ఆవిడ లెక్కే కరెక్టు, వేడి మీద కోస్తే ముద్దవుతుంది. గిన్నె బోర్లించి, ఆకు ఒలిచి, అడుగున ఎర్రగా పట్టిన పెచ్చును ముందు తానే విరిచి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది.

"అడుగు సరిగ్గా కాలింది. పైనే తెల్లగా ఉంది," అంది. "నిప్పులు చాల్లేదు. ఇంకో రెండు పారలు పొయ్యాల్సింది."

ఆ తర్వాతి వారం వచ్చిన పండ్లకు గిన్నెను ఒక అర పైకి జరిపి పెట్టాను.