ఐస్‌కాస్ట్: నిండినా వెనక్కి పంపని సర్వర్

ఇంటర్నెట్‌లో ఆడియో ప్రసారానికి వాడే ఐస్‌కాస్ట్ సర్వర్‌లో నాకు బాగా నచ్చింది ఒకే ఒక్క సెట్టింగ్: ఫాల్‌బ్యాక్-వెన్-ఫుల్. స్ట్రీమ్‌కి పెట్టిన శ్రోతల పరిమితి నిండాక వచ్చినవాళ్ళను తిప్పి పంపేయకుండా, తక్కువ బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) ఉన్న ఇంకో స్ట్రీమ్‌కి మళ్ళిస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక్క లైను. కొన్నేళ్ళుగా ధనుర్మాసంలో మా ఊరి గుడి నుంచి తిరుప్పావై ప్రవచనం ఆడియో దీని మీదే ఇస్తున్నాం. ఇన్‌స్టలేషన్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

ఈ సెట్టింగ్ విలువ మొదటి ఏడాది, తిరుప్పావైలో 27వదైన కూడారై పాశురం రోజున తెలిసింది. అప్పుడు మాది 96 కేబీపీఎస్ (సెకనుకు 96 కిలోబిట్లు) ఎంపీ3 స్ట్రీమ్ ఒక్కటే. అద్దె సర్వర్‌కి 20 ఎంబీపీఎస్ (సెకనుకు 20 మెగాబిట్లు) హద్దు. భాగిస్తే 208 మంది, ప్యాకెట్ల అదనపు భారం తీసేస్తే 180 దాకా వినొచ్చు. మామూలు రోజుల్లో వంద మంది కూడా ఉండరు. కానీ 27వ రోజున అందరూ ఒక్కసారే వచ్చారు. ఇక్కడ తెల్లవారుజామున ఐదంటే డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఐదున్నర. ఇక్కడి పెద్దవాళ్ళు, అక్కడి పిల్లలు ఒకే నిమిషంలో ప్లే నొక్కారు. గొంతు తెగిపోవడం మొదలైంది.

శబ్దం ఆగితే ఎవరైనా చేసేది మళ్ళీ ప్లే నొక్కడమే. అసలు దెబ్బ అక్కడే తగిలింది. నొక్కగానే వినపడాలని ఐస్‌కాస్ట్ ప్రతి కొత్త కనెక్షన్‌కీ ముందుగా 64 కేబీ (కిలోబైట్లు) ఒకేసారి పంపుతుంది. 96 కేబీపీఎస్‌లో అది ఐదు సెకన్ల పైచిలుకు శబ్దం. మామూలప్పుడు చాలా హాయైన ఏర్పాటు. కానీ రెండు వందల మంది ఒకేసారి మళ్ళీ కనెక్ట్ అయితే దాదాపు 13 ఎంబీ, బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి వంద మెగాబిట్ల పైన. మా సర్వర్ లైనుకి అది పంపడానికే ఐదు సెకన్లు. ఈలోగా బాగా వింటున్నవాళ్ళకూ ఆగిపోతుంది, వాళ్ళూ ప్లే నొక్కుతారు. మరీ వెనకబడిన కనెక్షన్లను సర్వరే తెంచేస్తుంది, వాళ్ళూ తిరిగొస్తారు. పాశురానికి అర్థం చెప్పడం పూర్తయ్యేదాకా ఇదే తంతు. ఏడాదంతా ఆ రోజు కోసం చూసినవాళ్ళు ఒక్క ముక్క వినలేకపోయారంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ఈ సెట్టింగ్‌తో రెండు స్ట్రీములు: పైది 96 కేబీపీఎస్, 120 మందికి. అది నిండాక వచ్చేవాళ్ళకు కింద 32 కేబీపీఎస్ మోనో, 200 మందికి. రెండూ పూర్తిగా నిండినా, ప్యాకెట్ల భారం కలపకుండా 18 ఎంబీపీఎస్ దాటదు. అదే లైనులో 320 మంది. నెలవారీ డేటా లెక్క కూడా తేలికైంది: 96లో ఒక శ్రోతకు గంటకు 43 ఎంబీ, 32లో 14 ఎంబీ. ఆ తర్వాత వచ్చిన కూడారై రోజున కింది స్ట్రీమ్ కూడా సగం నిండింది. గొంతు ఎక్కడా తెగలేదు! నాకు ఫోన్లు రాకపోవడమే ఆ రోజు పెద్ద ఆనందం.

ఒక్క లైను అన్నాను గానీ, దాని వెనక పని ఉంది. ఐస్‌కాస్ట్ తనంతట తాను బిట్‌రేట్ మార్చదు. రెండు స్ట్రీములూ మనమే పంపాలి. గుడిలో ల్యాప్‌టాప్ మీద లిక్విడ్‌సోప్ అనే ఆడియో స్ట్రీమింగ్ ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. అది కింది స్ట్రీమ్ పంపడం మానేస్తే ఈ సెట్టింగ్ ఉన్నా లేనట్టే. సర్వర్ మొత్తానికి ఒకేసారి కనెక్ట్ అయ్యే క్లయింట్ల పరిమితి ఐస్‌కాస్ట్‌తో వచ్చే నమూనా కాన్ఫిగ్ ఫైల్‌లో వందే ఉంటుంది, దాన్నీ పెంచాలి. కిందికి వెళ్ళినవాళ్ళు పైన ఖాళీ అయినా పైకి రారు, ఆపి మళ్ళీ ప్లే నొక్కాల్సిందే. ప్రవచనానికి 32 సరిపోతుంది. నాదస్వరం మొదలైతే మాత్రం చెవికి ఇంపుగా ఉండదు, ఆ తేడా పట్టేసి అడిగినవాళ్ళున్నారు.

కాబట్టి నా సిఫార్సు మాలాంటి వాళ్ళకే: రోజుకో గంట, ఎక్కువగా మాటలు, అందరూ ఒకే వేళకు వచ్చే శ్రోతలు, ఫోన్ స్క్రీన్ ఆపేసి వినే పెద్దవాళ్ళు. రోజంతా సంగీతం ఇచ్చే రేడియో అయితే, ఈ సెట్టింగ్‌ని నమ్ముకునే ముందు పెద్ద లైను తీసుకోవడమే మంచిది. వీడియో సంగతి పూర్తిగా వేరు. 2.5 ఎంబీపీఎస్ వీడియో మా లైనులో ఎనిమిది మందికే సరిపోతుంది, అందుకే భోగి నాటి గోదా కల్యాణం యూట్యూబ్‌లోనే పెడుతున్నాం.