జతకూర్చడం బాగుంది, కొనసాగింపే కొరవడింది

శాస్త్రవేత్తలను చట్టసభ సభ్యులతోనూ ప్రభుత్వ అధికారులతోనూ జతపరిచే ఒక కార్యక్రమంలో నేను పాల్గొన్నాను. ఈ సమీక్ష దాని సమన్వయ సేవ గురించి. అమెరికాలో శాస్త్రవేత్తలను ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేయడానికి పంపే ఏఏఏఎస్ అనే శాస్త్ర సంస్థ ఫెలోషిప్‌లు 1973 నుంచి, బ్రిటన్‌లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ జతల పథకం 2001 నుంచి ఉన్నవే కనుక ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ముందస్తు తర్ఫీదు. నా పరిశోధన గురించి నేను పంపిన సారాంశాన్ని సమన్వయకర్త వరుసవరుసగా దిద్ది, మొదటి పేజీ అంతా ఆక్రమించిన ప్రయోగ పద్ధతిని చివరికి జరిపి, అధికారి తేల్చుకోవలసిన అంశాన్ని మొదటి వాక్యంలోకి తెచ్చారు. ఫలితాల్లోని అనిశ్చితిని దాచకుండా, అది ఎంత మేరకు ఉందో స్పష్టంగా రాయాలని పట్టుబట్టారు. బ్రిటన్ పార్లమెంటుకు శాస్త్రాంశాలను వివరించే ‘పోస్ట్’ కార్యాలయం చిన్న పత్రాలనే ఎందుకు నమ్ముకుంటుందో నాకు అప్పుడు బోధపడింది.

లోపం మరోచోట ఉంది. మా సమావేశాలను సంబంధిత బిల్లుపై చర్చ ముగిశాక ఏర్పాటు చేశారు. అప్పటికి ఎంత మంచి ఆధారమైనా అలంకారప్రాయమే. పైగా నాతో జతపడిన అధికారికి బదిలీ కాగానే, ఆ స్థానంలోకి వచ్చినవారికి నన్ను పరిచయం చేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. వసతి, ప్రయాణ ఏర్పాట్లకు వంక పెట్టలేం. దరఖాస్తు చేసేవారు మాత్రం బదిలీ జరిగితే జత ఏమవుతుందో ముందే లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.