పల్లిపాడులో ఒక పూట

నెల్లూరు వెళ్లినవాళ్లు రంగనాథుడి దర్శనం చేసుకుని, మైపాడు సముద్రంలో కాళ్లు తడుపుకుని, మలై కాజా పొట్లం కట్టించుకుని ఇంటిదారి పడతారు. మా మామగారు పట్టుబట్టకపోతే మేమూ అంతే. "మైపాడూ పల్లిపాడూ ఒకే మండలం బాబూ, గాంధీగారి ఆశ్రమం చూడకుండా ఎలా వెళ్తాం?" అన్నారాయన.

బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. పక్క దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, నిద్ర మాత్రం బస్సుల హారన్ల దయ. పొద్దున్నే బయలుదేరడం ఒకందుకు మంచిదయింది. రానూపోనూ ఆటో మాట్లాడుకోండి, తిరుగుప్రయాణానికి అక్కడ బండి దొరుకుతుందన్న భరోసా లేదు.

పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా ప్రారంభించారు. అంతకు వారం ముందే బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించారు. ఆ వేడి చల్లారకముందే ఇక్కడ తలుపులు తెరుచుకున్నాయన్నమాట. పూనుకున్నవారు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య. భవనానికి డబ్బిచ్చింది పార్శీ రుస్తుంజీ. దక్షిణాఫ్రికాలో గాంధీజీ వెంట జైలుకు వెళ్లిన వ్యాపారి ఆయన. డర్బన్‌లో సంపాదించిన సొమ్ము పెన్న ఒడ్డున గోడలైందంటే మామగారు చాలాసేపు నమ్మలేదు.

నేల ఇచ్చింది పొణకా కనకమ్మ. పొట్లపూడి రెడ్ల కోడలు, అప్పటికి ముప్పయ్యేళ్లు నిండలేదు. నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిందీ ఆవిడే. నన్నడిగితే ఈ ఆశ్రమానికి వెళ్లే ముందు తెలుసుకోవలసింది ఆవిడ గురించే. లేకపోతే పది నిమిషాల్లో "ఇంతేనా" అనిపిస్తుంది. చూడటానికి ఉన్నది తక్కువ, కూర్చోవడానికి ఉన్నది ఎక్కువ. విడమరిచి చెప్పేవారు ఆ రోజు ఎవరూ కనిపించలేదు, అదొక్కటే లోటు. చివరికి ఆ పని మామగారే చేశారు. వాళ్ల నాన్న రాట్నం వడికిన కథతో మొదలుపెట్టి, ఆ ఏడాది వడ్ల ధర దగ్గర తేలారు. మా అమ్మాయి మాత్రం కదలకుండా వింది.

అక్కడినుంచి మైపాడు. ఇసుక బాగుంది, నీడ లేదు. మధ్యాహ్నం వెళ్లడం మా తెలివితక్కువ, మీరు సాయంత్రం వెళ్లండి.

భోజనం మళ్లీ నెల్లూరులోనే, ఒక చిన్న మెస్సులో. మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు, పొగలు కక్కే అన్నం. పులుసు ముందురోజుదేనా అని మామగారు వడ్డించే ఆయనను అడిగితే నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన మాత్రం సంతోషంగా "నిన్న రాత్రి కాచిందేనండీ" అని ఇంకో గరిటె వేశాడు.