వరంగల్ నుంచి క్రూజ్ ఓడ ఎక్కాలంటే రైలా, కారా, బస్సా: ఏది మేలు?

చెన్నై నుంచి శ్రీలంకకు, విశాఖ నుంచి పుదుచ్చేరికి ఓడ ప్రయాణాలు మొదలైనప్పటి నుంచి మన వైపు వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్యాకేజీలో ఏమేం ఉంటాయి, కిటికీ ఉన్న గదికి ఎంత, లేనిదానికి ఎంత అన్నవి ముందే చూసుకుని వస్తారు. తేలనిది మాత్రం ఓడ దాకా ఎట్లా పోవాలన్నదే. హన్మకొండ నుంచి అడిగినా, జనగామ నుంచి అడిగినా, మహబూబాబాద్ నుంచి అడిగినా నా జవాబు మారదు: రైలెక్కండి, ఒకరోజు ముందే చేరండి. కారుకూ బస్సుకూ వాటి లాభాలు వాటికున్నాయి, అవీ చెబుతాను.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెళ్లికి ఆలస్యమైతే భోజనాల వేళకైనా అందుకుంటాం. ఓడకు ఆ వీలు లేదు. బయల్దేరే వేళకు చాలా ముందే చెక్-ఇన్ మూసేస్తారు. మీ రైలు లేటయింది, మీ కారు టైరు పేలింది అంటే ఓడ ఆగదు, డబ్బులూ తిరిగి రావు. కాబట్టి ఏది చవక, ఏది సుఖం అన్నవి రెండో వరుస ప్రశ్నలు. దారిలో ఏదైనా తేడా వస్తే సర్దుకునే టైము ఎందులో మిగులుతుంది అన్నదే మొదటి ప్రశ్న.

మన ప్రాంతం వాళ్లకు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ముంబై, గోవా, కొచ్చి మధ్య తిరిగే ఓడ ఆ నెలల్లో తూర్పు తీరానికి వస్తుంది. అట్లా తిరిగే కార్డీలియా కంపెనీ ఓడ విశాఖకు వచ్చింది 2022 జూన్‌లో, చెన్నై నుంచి శ్రీలంకకు మొదలుపెట్టింది 2023 జూన్‌లో. అంటే ఓడ మనకు దగ్గరయ్యే నెలలూ, మన వాగులు పొంగే నెలలూ ఒకటే. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య ఏమైందో ఇక్కడి వాళ్లెవరూ మరిచిపోలేదు. పట్టాల కింది కట్ట మొత్తం వరదకు కొట్టుకుపోయి, స్లీపర్లతో సహా పట్టాలు గాలిలో వేలాడాయి. ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే లైను రోజుల తరబడి ఆగిపోయింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీదికి నీళ్లొచ్చి బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"అట్లయితే కారే నయం గదన్నా, మన టైముకు మనం పోతం" అంటారు. కానీ అదే 2024 వరదలో ఖమ్మంలో మున్నేరు పొంగింది, నందిగామ దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే కూడా తెగింది, విజయవాడలో బుడమేరు సగం ఊరిని ముంచింది. పట్టాలు మునిగేంత వాన పడితే రోడ్డూ మునుగుతుంది. అంత వరద వస్తే ఒకరోజు ముందు బయల్దేరినా చాలదన్నది నిజమే. అయితే అట్లాంటివి ఎప్పుడో ఒకసారి వస్తాయి. మామూలుగా జరిగేది బండి నాలుగైదు గంటలు లేటవడం. ఒకరోజు చేతిలో ఉంటే దాన్ని సులువుగా తట్టుకోవచ్చు. ఇంకో దారీ ఉంది. పొద్దున లేవగానే మన దగ్గర లైను తెగిందని తెలిస్తే, రోడ్డు మీద విజయవాడ చేరి అక్కడ రైలు అందుకోవచ్చు. విజయవాడ నుంచి చెన్నైకీ విశాఖకీ పగలంతా బండ్లుంటాయి. అదే రోజు ఓడ ఎక్కాల్సినవాళ్లకు ఈ దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు రైళ్లలో ఏది అన్నది. నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసేది బండి ఎక్కడ పుట్టిందన్నది. వరంగల్ నుంచి చెన్నై రైలు దారిలో దాదాపు 640 కిలోమీటర్లు. తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ రెండూ మంచి బండ్లే, కానీ ఢిల్లీలో బయల్దేరి మన దగ్గరికి వచ్చేసరికే 1500 కిలోమీటర్లకు పైగా నడిచి ఉంటాయి. ఆగ్రా దగ్గర పడ్డ ఆలస్యాన్నీ, నాగపూర్ దగ్గర పడ్డ ఆలస్యాన్నీ మనం వరంగల్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని మోయాలి. డిసెంబరు, జనవరి పొగమంచులో అయితే చెప్పక్కర్లేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ సంగతి వేరు. హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరుతుంది, మన దగ్గరికి వచ్చేసరికి నడిచింది నూటయాభై కిలోమీటర్లే. రాత్రి భోజనం ముగించుకుని ఎక్కితే పొద్దున చెన్నైలో ఉంటాం. ఓడ రేపనగా ఈ రోజు పొద్దున దిగేలా టిక్కెట్టు తీసుకుంటే, ఆ పగలూ ఆ రాత్రీ అక్కడే విశ్రాంతి.

విశాఖకూ ఇదే లెక్క. 2023 సెప్టెంబరులో అక్కడి పోర్టులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, స్టేషన్ నుంచి ఆటోలో పోయేంత దూరమే. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. అదీ హైదరాబాద్‌లోనే పుట్టి రాత్రికి వరంగల్ దాటి తెల్లవారేసరికి విశాఖ చేరుస్తుంది. కోణార్క్ ముంబై నుంచి రావాలి కాబట్టి నా లెక్కలో దాని తర్వాతే. వందేభారత్ వేగంగానే పోతుంది, వరంగల్‌లో ఆగుతుంది కూడా. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయల్దేరేది విశాఖలో అర్ధరాత్రికి కాస్త ముందు దింపుతుంది. పెద్దవాళ్లు గంటల తరబడి కూర్చునే పోవాలి, దిగాక ఆ వేళప్పుడు గది వెతుక్కోవాలి. నడుం నొప్పి లేనివాళ్లు, హోటల్ ముందే బుక్ చేసుకున్నవాళ్లు నిశ్చింతగా ఎక్కొచ్చు. పొద్దున్నే బయల్దేరే రెండో వందేభారత్ అయితే మధ్యాహ్నానికి చేరుస్తుంది, అది ఇంకా మెరుగు.

టిక్కెట్టు మీద దిగే స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. ఇంజను తిప్పే పని లేకుండా కొన్ని బండ్లు విశాఖ స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడ మీదుగా పక్కకు పోతాయి. దువ్వాడలో దిగితే సామాన్లతో ఊరి అంచు నుంచి లోపలికి రావాలి. చెన్నై వైపూ అంతే. కొన్ని సెంట్రల్‌కు, కొన్ని ఎగ్మోర్ మీదుగా తాంబరానికి, కొన్ని పెరంబూరు మీదుగా పోతాయి. కేరళ ఎక్స్‌ప్రెస్ అసలు చెన్నైకే పోదు, గూడూరు దగ్గర తిరుపతి వైపు మళ్లుతుంది. హార్బర్‌కు సెంట్రల్ బాగా దగ్గర, ఎగ్మోర్ కూడా దూరమేం కాదు. తాంబరం దాకా పోయి వెనక్కి రావడం మాత్రం వద్దు.

రైలుకున్న అసలు ఇబ్బంది ఎక్కే చోట. వరంగల్‌లో బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. నాలుగు పెద్ద సూట్‌కేసులు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, చేతిలో పిల్లాడు ఉంటే ఆ కాసేపు చెమటలు పడతాయి. కోచ్ ఎక్కడ ఆగుతుందో బోర్డు చూసి పావుగంట ముందే అక్కడ నిలబడండి. ముందు ఒకరు ఎక్కి సామాను అందుకోవాలి, తర్వాత పెద్దవాళ్లు, చివర్లో మిగతావాళ్లు. ఓడకని కొత్తగా కొన్న పెట్టె బెర్తు కింద పట్టకపోతే రాత్రంతా కాళ్లకు అడ్డమే, కొనేముందే దాని ఎత్తు చూసుకోండి. 60 దాటిన మగవాళ్లకూ 45 దాటిన ఆడవాళ్లకూ లోయర్ బెర్తు కోటా ఉంది, బుకింగ్‌లో అది ఎంచుకోండి. క్రూజ్ ఆరు నెలల ముందు కొన్నా రైలు రిజర్వేషన్ తెరుచుకునేది 60 రోజుల ముందే. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకుని పొద్దున్నే బుక్ చేయండి. ఒకవేళ బండి మూడు గంటలకు పైగా లేటై, మీరు రోడ్డున పోదామని నిర్ణయించుకుంటే, అది మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్ (టిక్కెట్టు డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేస్తే డబ్బు వెనక్కి వస్తుంది.

ఇక కారు. మన వాళ్లకు కారంటే మక్కువ ఎక్కువ, నాకూ లేకపోలేదు. వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడ, ఖమ్మం మీదుగా విజయవాడ చేరి, అక్కణ్నుంచి ఒంగోలు, నెల్లూరు హైవే పట్టుకుంటే చెన్నై 650 కిలోమీటర్ల పైనే. టిఫిన్లు, భోజనాలు, ఆగడాలు కలుపుకుంటే పగలంతా పడుతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి పోనురాను 85 లీటర్ల పైనే కావాలి, టోల్‌గేట్లు అదనం. ఐదుగురు కూర్చుంటే ఏసీ రైలు టిక్కెట్లతో పోల్చినా ఖర్చు మరీ ఎక్కువనిపించదు. ఖర్చు చూసి నేను వద్దనడం లేదు.

మొదటి కారణం ఓడ తిరుగుదారి. విశాఖలో ఎక్కి పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగే ప్యాకేజీ తీసుకున్నారనుకోండి. మీ కారు విశాఖలో, మీరు చెన్నైలో. మధ్యలో దాదాపు 800 కిలోమీటర్లు. కారు కోసం మళ్లీ విశాఖకు పోవడానికి చివరికి ఎక్కేది రైలే. ఒకవైపు ప్రయాణమైతే సొంత కారు ఆలోచన పూర్తిగా మానేయండి. డ్రైవర్‌తో సహా ఇన్నోవా మాట్లాడుకుంటే ఈ చిక్కు తీరుతుంది కానీ, అది ఖాళీగా వెనక్కి వచ్చినా కిరాయి మనమే కట్టాలి. రెండో కారణం దిగిన రోజు. ఓడలో రాత్రి షోలు, డెక్కు మీద కబుర్లు అయ్యేసరికి ఎవరూ సరిగా పడుకోరు. పొద్దున్నే దిగి, ఆ నిద్రకళ్లతో పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకోవడం ప్రాణాలతో పని. చెన్నైలో ఎక్కి చెన్నైలోనే దిగే ప్యాకేజీకి కారు తీసుకెళ్లేవాళ్లయితే, దిగిన రాత్రి అక్కడే పడుకుని మర్నాడు బయల్దేరండి.

కారే సరైనదయ్యే ఇళ్లూ ఉన్నాయి. చక్రాల కుర్చీ తప్పనిసరైన పెద్దమనిషి ఉంటే రెండు నిమిషాల్లో బండెక్కించమని నేను చెప్పలేను. భూపాలపల్లి, ములుగు, ఏటూరునాగారం వాళ్లకు స్టేషన్ చేరడమే ఒక ప్రయాణం. వాళ్లు కారులో వరంగల్ దాకా వచ్చి, బండిని చుట్టాలింట్లో పెట్టి రైలెక్కితే రెండు విధాలా లాభం. ఖమ్మం–దేవరపల్లి కొత్త రోడ్డు పూర్తిగా తెరుచుకుంటే విజయవాడ ఊళ్లోకి పోకుండానే విశాఖ దారి పట్టొచ్చు, అప్పుడు విశాఖ వరకు కారు మాట మరోసారి ఆలోచించాల్సిందే.

బస్సు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చెన్నైకి స్లీపర్ బస్సుల్లో ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచే. అక్కడికి వెనక్కి పోయి ఎక్కడం దండగ. తెలుగు రాష్ట్రాల బస్సుల కోసం చెన్నైలో కట్టిన మాధవరం స్టాండు నుంచి హార్బర్‌కు మళ్లీ ఊరు దాటాలి. షుగర్ ఉన్నవాళ్లకు రాత్రంతా బాత్రూం లేని ప్రయాణం కష్టం. హన్మకొండ నుంచి విజయవాడకు ఆర్టీసీ బస్సు మాత్రం పనికొస్తుంది, లైను తెగిన రోజు అదే దిక్కు. విమానం అంటే ముందు శంషాబాద్ పోవాలి. వరంగల్ పక్కనున్న మామునూరు నుంచి విమానాలు ఎగిరే దాకా దాన్ని పక్కన పెట్టొచ్చు.

ముంబైలో ఎక్కేవాళ్లకు కోణార్క్ ఉంది. తెల్లవారుజామున ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో దింపుతుంది, ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ అక్కడికి చాలా దగ్గర. నిజామాబాద్ వాళ్లకు దేవగిరి, ఆదిలాబాద్ వాళ్లకు నందిగ్రామ్ ఉన్నాయి కాబట్టి వాళ్లు చెన్నై కన్నా ముంబైనే చూసుకోవాలి.

వచ్చేటప్పుడు నేను చెప్పిన లెక్క తిరగబడుతుంది. తమిళనాడు, గ్రాండ్ ట్రంక్ అప్పుడు చెన్నైలోనే పుడతాయి కాబట్టి వాటిని నమ్మొచ్చు. ఓడ పొద్దున ఆగినా సామాను చేతికొచ్చి బయటపడేసరికి ఎండెక్కుతుంది. పగటి బండి పెట్టుకోకుండా సాయంత్రం తర్వాత బయల్దేరేది తీసుకోండి. మర్నాడు పొద్దుటికల్లా వరంగల్‌లో దిగొచ్చు.