శబ్దరత్నాకరం: గుర్రం కావాలంటే గుఱ్ఱము వెతకాలి

పాత కావ్యాలు చదివేవాళ్లు ఒక్క నిఘంటువే కొనగలిగితే బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం కొనుక్కోవాలి. 1885 నాటిది. సూర్యరాయాంధ్ర నిఘంటువు దీనికన్నా చాలా విస్తారం, కానీ ఎనిమిది సంపుటాలు. పద్యం పక్కన పెట్టుకుని చూసుకోవడానికి ఇదే వీలు.

కొత్తవాళ్లు చాలామంది నాలుగు మాటలు వెతికి, దొరక్క మూసేస్తారు. మాటలున్నాయి, మనం రాసే రూపంలో లేవు. 'గుర్రం' దొరకదు. చివరి సున్నా తీసి ము పెట్టాలి, రకారాన్ని బండి ఱ చేయాలి: గుఱ్ఱము. క్రియలకైతే కాలం, పురుష తీసేయాలి. తెచ్చాడు అంటే తెచ్చు, కోసింది అంటే కోయు, కాసింది అంటే కాచు.

బండి ఱనీ అరసున్న (ఁ) అనీ చాదస్తమని కొట్టిపారేయకండి, అర్థాలు విడిపోయేది అక్కడే. ఊరు గ్రామం, ఊఱు అంటే నానడం, ఊట రావడం. మన ఊరగాయ ఈ రెండోదాన్నుంచే వచ్చింది. ఏడు అంకె, ఏఁడు సంవత్సరం. నాడు దేశం, నాఁడు ఆ రోజు. దొరికిన అర్థం పద్యంలో పొసగకపోతే రెండో రూపం కూడా చూడండి.

అర్థం ముందుండే పొట్టి గుర్తుల్ని దాటేయొద్దు. దే. దేశ్యం, సం. సంస్కృతం, వి. విశేష్యం (అంటే నామవాచకం), విణ. విశేషణం, స.క్రి. సకర్మక క్రియ. పద్యంలో ఉన్నది క్రియ అయితే వి. అని ఉన్నచోట ఆగితే దారి తప్పినట్టే.

ఈ పుస్తకానికి ప్రాణం కావ్యప్రయోగాలు, అంటే ఆ మాటని కవులు ఎలా వాడారో చూపే పద్యభాగాలు. ఇవాళ కంపు అంటే దుర్వాసనే. పాత పద్యంలో పూల కంపు అంటే పరిమళం. ప్రయోగం చదవకుండా ఇవాళ్టి అర్థం పట్టుకుపోతే పద్యం తలకిందులవుతుంది.

చిక్కల్లా చెట్లూ పిట్టల దగ్గర. 'వృక్షవిశేషము' అని ఉంటే ఏ చెట్టో ఎలా తెలుస్తుంది? అలాంటప్పుడు బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1903 కూర్పు తీయండి, చాలా మొక్కలకి లాటిన్ పేర్లిస్తుంది. రైతుల నోటి మాటలకి మాత్రం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం చూడాల్సిందే.

పాత ప్రతి కొంటుంటే ఏదో ఒక పేజీ వెలుతురులో పెట్టి అరసున్నలు చూడండి. ముద్రణ మసకబారితే ముందు కనపడకుండా పోయేవి అవే.