టోపాలజీ ఆప్టిమైజేషనా, లాటిసా, పారామెట్రిక్ డిజైనా: ప్రింట్ చేసే భాగానికి ఏది మేలు?

బరువు తగ్గాలి, దృఢత్వం తగ్గకూడదు. త్రీడీ ప్రింటర్‌కు వెళ్లే బ్రాకెట్‌ను ఇలా మలచడానికి మూడు దారులున్నాయి. పదార్థం ఎక్కడ ఉండాలో సాఫ్ట్‌వేర్‌నే తేల్చమనేది టోపాలజీ ఆప్టిమైజేషన్. బయటి ఆకారం అలాగే ఉంచి లోపల సన్నని కడ్డీల అల్లిక నింపేది లాటిస్. మామూలు క్యాడ్ (కంప్యూటర్‌లో గీసే డిజైన్) మోడల్‌లో మందాలు, వంపు రేడియస్‌లు మాత్రమే మార్చుకుంటూ మంచి విలువలు వెతికేది పారామెట్రిక్ పద్ధతి.

అపోహలు ఎక్కువగా ఉన్నది లాటిస్ మీదే, అందుకే ముందు దాని సంగతి. కడ్డీలు వంగుతూ భారం మోసే అల్లికలో దృఢత్వం సాపేక్ష సాంద్రత (ఘనరూపంతో పోలిస్తే ఉన్న పదార్థపు వాటా) వర్గాన్ని, అంటే స్క్వేర్‌ను బట్టి పడిపోతుంది. 20 శాతం పదార్థం ఉంచితే ఘనరూపంలో ఉన్న దృఢత్వంలో సుమారు 4 శాతమే మిగులుతుంది. కడ్డీలు నేరుగా లాగుడు, నొక్కుడు మోసే ఆక్టెట్ రకం దీనికన్నా మెరుగే. కానీ అందులోనూ భారం ఏ దిశలో పడినా కొన్ని కడ్డీలు పని లేకుండా బరువుగా మిగిలిపోతాయి. భారం దిశ తెలిసినప్పుడు అదే పదార్థాన్ని ఆ దారి వెంట ఘనంగా పెట్టడమే లాభం. కాబట్టి కేవలం దృఢత్వం కోసమైతే లాటిస్ వద్దు.

తయారీలోనూ లాటిస్ సున్నితమే. 0.4 మి.మీ. కడ్డీ ప్రింట్‌లో 0.36 మి.మీ.కు సన్నబడితే, వంపుకు అది చూపే దృఢత్వంలో మూడో వంతుకు పైగా పోతుంది, ఎందుకంటే ఆ దృఢత్వం వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. మెటల్ పౌడర్ ప్రింటింగ్‌లో లోపలి పొడి బయటికి రావడానికి రంధ్రాలు వదలకపోతే ఆ బరువంతా భాగంలోనే ఉండిపోతుంది. మరి లాటిస్ నెగ్గేదెక్కడ? గుద్దుకున్నప్పుడు శక్తిని పీల్చుకోవాల్సిన చోట, వేడి మార్పిడికి ఉపరితలం ఎక్కువ కావాల్సిన చోట, పలుచటి తొడుగు నొక్కుడుకు ఒక్కసారిగా వంగి మడతపడకుండా (బక్లింగ్) లోపలి నుంచి ఆసరా కావాల్సిన చోట. ఎముక ఇంప్లాంట్లలో ఎముకకు దగ్గరగా ఉండేలా దృఢత్వం తగ్గడమే కావాలి. టైటానియం మిశ్రమపు మాడ్యులస్ (పదార్థపు దృఢత్వానికి కొలత) 110 గిగాపాస్కల్స్ దాకా ఉంటుంది, ఎముకది అందులో చాలా తక్కువ భాగం.

టోపాలజీ ఆప్టిమైజేషన్ ఆశించేది, అంటే అవసరమైన చోటే పదార్థం ఉంచితే బరువు ఎంత తగ్గుతుందన్నది, 2013లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజినీర్ల ఆన్‌లైన్ వేదిక గ్రాబ్‌క్యాడ్‌తో కలిసి పెట్టిన జెట్ ఇంజిన్ బ్రాకెట్ పోటీ చూస్తే అర్థమవుతుంది. గెలిచిన డిజైన్ 2,033 గ్రాముల భాగాన్ని 327 గ్రాములకు దించింది. అయితే ఆ పోటీలో నిలువు, అడ్డం, ఏటవాలు, మెలి అంటూ నాలుగు లోడ్ కేసులు (భారం పడే తీరులు) ఇచ్చారన్నది మరవకూడదు. ఒక్క లోడ్ కేసుతో రన్ చేస్తే వచ్చే ఆకారం ఆ దిశలో అద్భుతంగా నిలుస్తుంది, పక్క నుంచి చిన్న తోపుకే వంగిపోతుంది. బిగించేటప్పుడు పడే బలాలు, చేతిలోంచి జారి పడడం కూడా లోడ్ కేసులే.

సెటప్‌లో బోల్టు రంధ్రాల చుట్టూ ఉన్న పదార్థాన్ని ముట్టుకోవద్దని మార్క్ చేయండి. పెనాల్టీ విలువ (సగం సగం సాంద్రతలు రాకుండా చేసేది) 3, వాల్యూమ్ పరిమితి (మిగలాల్సిన పదార్థం) 30 నుంచి 40 శాతంతో మొదలుపెట్టండి. కనీస కడ్డీ మందానికి అడ్డంగా కనీసం మూడు ఎలిమెంట్లు (లెక్క కోసం భాగాన్ని విడగొట్టే చిన్న ముక్కలు, వాటి అల్లికే మెష్) పడాలి. 100×60×40 మి.మీ. భాగానికి 1 మి.మీ. ఎలిమెంట్లయితే 2.4 లక్షలు, 0.5 మి.మీ. అయితే 19.2 లక్షలు. పక్కపక్క ఎలిమెంట్ల సాంద్రతలను సర్దే ఫిల్టర్ లేకపోతే చదరంగం గళ్ల లాంటి ఫలితం వస్తుంది, మెష్ మార్చినప్పుడల్లా ఆకారమూ మారుతుంది. ఫలితం వచ్చాక 0.3 నుంచి 0.5 సాంద్రత దగ్గర కోసి (అంతకన్నా తక్కువ ఉన్నది తీసేసి), నునుపు చేసి, ఆ కొత్త జ్యామితి మీద మళ్లీ స్ట్రెస్ విశ్లేషణ చేయాల్సిందే. దృఢత్వం పెంచే లెక్కకు మూలల్లో పేరుకునే స్ట్రెస్ కనబడదు, పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

అలసట వల్ల, అంటే పదేపదే పడే భారంతో, విరిగే భాగాలకు పారామెట్రిక్ పద్ధతిదే పైచేయి, దానికి తగిన గౌరవం దక్కడం లేదు. ప్రింట్ అయిన గరుకు ఉపరితలమే పగులుకు బీజం. పారామెట్రిక్ ఆకారాన్ని మిల్లింగ్ చేయవచ్చు, పాలిష్ చేయవచ్చు, కొలతలు తనిఖీ చేయవచ్చు. మెలికలు తిరిగిన టోపాలజీ కడ్డీల సందుల్లోకి ఏ కట్టరూ వెళ్లదు. ఒకే భాగం పది సైజుల్లో కావాలన్నా ఇదే సులువు. టోపాలజీ ఫలితాన్ని నమూనాగా చూసుకుని, దాన్ని శుభ్రమైన క్యాడ్ ఫీచర్లతో తిరిగి గీసి, ఆ మందాలను ఆప్టిమైజ్ చేయడం చాలా బ్రాకెట్లకు సరైన మార్గమని మా అభిప్రాయం.

ప్లాస్టిక్ ఫిలమెంట్ ప్రింటర్ అయితే లెక్క మారుతుంది. వంపు భారానికి ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు) శాతం పెంచడం కన్నా బయటి గోడలను రెండు నుంచి నాలుగుకు పెంచడం ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే వంపును అడ్డుకునేది మధ్య అక్షానికి దూరంగా ఉన్న పదార్థమే. ఇక్కడ టోపాలజీ లెక్క అన్ని దిశల్లో ఒకే బలం ఉందని అనుకుంటుంది, పొరల మధ్య అతుకు మాత్రం బలహీనం. లాగుడు మోసే కడ్డీ ప్లేటు మీద నిలువుగా నిలబడితే పొర దగ్గరే విడిపోతుంది. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా ప్రింట్ దిశ ముందే నిర్ణయించి, ప్లేటు నుంచి 45 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో వాలే కొమ్మలు రాకుండా ఓవర్‌హ్యాంగ్ పరిమితిని ఆప్టిమైజేషన్‌లోనే పెట్టాలి. రన్ అయ్యాక దిశ మారిస్తే సపోర్టుల బరువూ, వాటిని కోసే శ్రమా తగ్గించిన గ్రాములను మింగేస్తాయి.