బరంపురం ఉప్పుగాలిలో అయిదేళ్ళ స్టీరియో

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, బరంపురంలో మా హాలు కిటికీ రెక్క ఊడిపోయింది. సరిగ్గా దాని కిందే నాన్నగారి పాత టేప్ రికార్డరు సెట్టు ఉండేది. తెల్లారి చూస్తే స్పీకర్ల అట్ట గిన్నెలు నానిన అప్పడాల్లా జారి ఉన్నాయి. ఆ తరువాత ఏడేళ్ళు మా ఇంట్లో పాటంటే ఫోనే. 2021లో సంక్రాంతి వెళ్ళాక విశాఖపట్నం రైలెక్కి కొనుక్కొచ్చిన జత ఇది: యమహా ఎ-ఎస్301 యాంప్లిఫయరు, వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1 స్పీకర్లు. అప్పటినుంచి రోజుకు రెండు గంటలకు తక్కువ కాకుండా వాడుతున్నాను. రెండూ ఒక్కసారి కూడా మరమ్మతుకు వెళ్ళలేదు. పడిన తిప్పలన్నీ మా గది వల్ల, మా గాలి వల్ల, అన్నిటికంటే ఎక్కువ నా వల్ల.

బరంపురంలో పెళ్ళిళ్ళకు, ఠాకురాణి యాత్రకు వీధి దద్దరిల్లించే డబ్బాలు కావలసినన్ని దొరుకుతాయి. కూర్చుని వినే స్పీకర్లను పక్కపక్కన పెట్టి వినిపించే దుకాణం మాత్రం నాకు కనబడలేదు. అందుకే విశాఖ ప్రయాణం. పెన్ డ్రైవులో నాకు కంఠతా వచ్చిన రికార్డులు తీసుకెళ్ళాను: ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్, ఘంటసాల పద్యాలు, షేక్ చినమౌలానా నాదస్వరం, కొంత ఒడిస్సీ మర్దళం. దుకాణంవాళ్ళు పెట్టే పాటలు ఏ స్పీకరులోనైనా బాగానే ఉంటాయి. బాగుంటాయనే కదా వాళ్ళు వాటిని పెట్టేది! నాదస్వరం అలా కాదు. పై స్థాయిలో చెవిని పొడిచే స్పీకరును రెండు నిమిషాల్లో పట్టిస్తుంది. ఆ రోజు విన్న నాలుగు జతల్లో రెండు అలాగే దొరికిపోయాయి.

కొన్న సంగతి తెలిసి ఇచ్ఛాపురం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావగారూ, ఎన్ని వాట్లు?" అన్నాడు. అరవై అన్నాను. "అరవయ్యేనా? మా వినాయకుడి పందిట్లో రెండు వేలు పెట్టాం" అన్నాడు జాలిగా.

ఈ వాట్ల మోజు గురించి కొంచెం చెప్పాలి. ఈ యాంప్లిఫయరు ఒక్కో వైపు, ఎనిమిది ఓమ్‌ల స్పీకరుకు, ధ్వని చెడకుండా ఇచ్చేది అరవై వాట్లు. దాన్ని నూట ఇరవై చేసినా, మోతను కొలిచే లెక్కలో పెరిగేది మూడు డెసిబెళ్ళే. చెవికి మోత రెట్టింపైనట్టు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి, అంటే ఆరు వందలు. కాబట్టి ముందు చూడవలసింది స్పీకరు సెన్సిటివిటీ. డైమండ్ 12.1కి అది 88 డెసిబెళ్ళు. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోత అని అర్థం. దుకాణంలో నన్ను బాగా ఊరించిన ఇంకో చిన్న జతకు 84. ఆ నాలుగు డెసిబెళ్ళ లోటు పూడ్చడానికి రెండున్నర రెట్ల వాట్లు పొయ్యాలి. మా గదిలో ఏడడుగుల దూరంలో కూర్చుని, మధ్యలో మాట్లాడుకుంటూ వినే పాటకు ఒక వాటు కూడా ఖర్చు కాదు. మిగిలినదంతా డోలు మీద పుల్ల పడిన ఆ క్షణం కోసం.

దుకాణంలో స్టాండ్ల ధర విన్నాక, ఇక్కడ వెల్డింగు షాపులోనే చదరపు ఇనుప గొట్టంతో చేయించాను. గొట్టం గణగణలాడకుండా లోపల ఇసుక నింపుతారు. తెలివి ఎక్కువైంది ఇక్కడే. ఛత్రపురం తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ ఉంటాయి, ఆ ఖనిజాల కోసమే అక్కడ ప్రభుత్వ సంస్థ ఇసుక తవ్వుతుంది. మన వైపు సముద్రపు ఇసుక మామూలు ఇసుక కంటే బరువు కదా అని గోపాల్‌పూర్ నుంచి ఒక సంచి తెచ్చాను. అందులో మోనజైట్ కూడా ఉంటుందని, మోనజైట్‌లో రేడియోధార్మిక థోరియం ఉంటుందని మా అబ్బాయి చదివి వినిపించేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమెకు సర్దిచెప్పి నింపేశాను. థోరియం ఏం చేసిందో గాని ఉప్పు తన పని తాను చేసింది. రెండో వానాకాలానికి వెల్డింగు అతుకుల్లోంచి తుప్పునీరు కారి మొజాయిక్ గచ్చు మీద రెండు గోధుమరంగు మరకలు పడ్డాయి. యాసిడ్ పెట్టి తోమినా పోలేదు. గొట్టాలు ఖాళీ చేసి, ఋషికుల్య నది ఇసుకను కడిగి, డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి మళ్ళీ నింపాం. అప్పటినుంచి బాధ లేదు.

అంతకంటే సిగ్గుపడవలసింది ఇంకోటి ఉంది. మొదటి ఎనిమిది నెలలు నేను విన్నది అసలు ధ్వనే కాదు. వయొలిన్ బాగానే ఉండేది గాని తబలా పలచగా, ఎక్కడో దూరంగా వినిపించేది. చిన్న స్పీకర్లు కదా, ఇంతే కాబోలు అనుకున్నాను. పక్కింటి ఒడియా ఆయన గుళ్ళో భజనలకు తబలా వాయిస్తారు. ఒకరోజు వచ్చి ఘంటసాల పద్యం వింటూ, "భాయినా, ఈ మనిషి ఎక్కడ నిలబడి పాడుతున్నాడు?" అన్నారు. అది పాత మోనో రికార్డు. రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తున్నప్పుడు గొంతు సరిగ్గా మధ్యనుంచి, ఖాళీ గోడలోంచి రావాలి. మాకేమో గదంతా పరుచుకుని, ఎటునుంచి వస్తోందో తెలియకుండా ఉంది. టార్చి వేసి బీరువా వెనక చూస్తే, ఎడమ స్పీకరుకు ఎర్ర తీగ నల్ల మరలో, నల్ల తీగ ఎర్ర మరలో బిగించి ఉన్నాయి. ఒక స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, మంద్రం (బాస్) అంతా అక్కడికక్కడే చెల్లైపోతోంది. మార్చి బిగించాను. ఘంటసాల వచ్చి రెండు స్పీకర్ల మధ్య క్యాలెండరు దగ్గర నిలబడ్డారు. తబలా జతలో పెద్దదైన బాయా మీద అరచేయి జారిన గుమ్మనే శబ్దం విని పక్కింటాయన ఏమీ అనలేదు, ఇంకో గంట కూర్చున్నారు.

మంద్రం తిరిగొచ్చాక గది గొడవ మొదలైంది. పదకొండు అడుగుల వెడల్పు, పదమూడు పొడవు, పైన స్లాబు, కింద గచ్చు. చప్పట్లు కొడితే గోడల మధ్య టింగుమనేది. వీటి గాలి రంధ్రాలు వెనక వైపు ఉంటాయి కాబట్టి గోడకు ఆనించి పెడితే మృదంగం కుండలా మోగింది. అడుగున్నర ముందుకు జరిపాను. మూలలకు దూరం చేశాను. పక్క గోడకు పుస్తకాల అర, కింద మందపాటి జంపఖానా వచ్చాయి. జరపడానికి వీలు లేని రోజుల్లో, అంటే చుట్టాలొచ్చినప్పుడు, రంధ్రంలో చుట్టిన మేజోడు కుక్కితే చాలావరకు సర్దుకుంటుంది. ఖరీదైన తీగలు కొనమని దుకాణంలో బలవంతపెట్టారు గాని నేను వాడేది కరెంటు సామాన్ల కొట్లో మీటర్ల లెక్కన కొన్న రాగి తీగే.

టీవీ పెట్టెను కలిపిన రోజు గుయ్‌మని రొద వచ్చింది. కేబుల్ వాళ్ళ తీగ ద్వారా ఎర్తు కరెంటు చుట్టు తిరిగి వస్తోందన్నమాట. యాంప్లిఫయరు వెనక ఆప్టికల్ మార్గం ఉంది. అందులో వెళ్ళేది వెలుతురే గాని కరెంటు కాదు. టీవీని దానికి మార్చాను, రొద ఆ నిమిషమే ఆగిపోయింది.

ఉప్పుగాలికి మందు లేదు. సముద్రం పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నా వానాకాలం దాటేసరికి రాగి తీగ చివర్లు పచ్చబడి, ఒక వైపు చిటపటలు మొదలయ్యేవి. ఏటా దసరాకు అర అంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి బిగిస్తాను.

ఈ యాంప్లిఫయరులో నేను ఎక్కువ వాడేది లౌడ్‌నెస్ మీట. చిన్నగా పెడితే చెవికి మంద్రం ముందుగా తగ్గిపోతుంది, పాట ఎండిపోయినట్టు ఉంటుంది. ముందు వాల్యూమ్ కావలసినంత పెంచుకుని, తరువాత ఈ మీటతో తగ్గించాలి. రాత్రి పదిన్నరకు పక్క గదిలో అత్తయ్యగారు నిద్రపోతున్నా వీణ నిండుగానే వినిపిస్తుంది. బ్లూటూత్ ఇందులో అమర్చి రాదు. అది కావలసినవాళ్ళు వేరేగా కొనుక్కోవాలి.

అయిదంగుళాల స్పీకరుకు హద్దులు ఉంటాయి. లెక్క ప్రకారం మంద్రంలో కిందికి 65 హెర్ట్జ్ (సెకనుకు 65 కంపనాలు) దాకానే. సినిమా పేలుళ్ళు ఆశిస్తే మంద్రం కోసం వేరే స్పీకరు, సబ్‌వూఫరు, పెట్టుకోక తప్పదు. నేను పెట్టలేదు.

మొన్న బావమరిది వచ్చి విన్నాడు. రెండు కీర్తనలు కదలకుండా విని, "ఇంకాస్త పెంచండి బావగారూ, అరవై ఉన్నాయిగా" అన్నాడు. వాల్యూమ్ మీట అప్పటికి గడియారంలో తొమ్మిది అంకె ఉండే చోటే ఉంది. ముట్టుకోనివ్వలేదు.